పది ఓముల తీగచుట్టలో ఇరవై మూడు ఆంపియర్లు ఎందుకు పారవు?

మీరు ఇనుప కోర్ మీద చుట్టిన ఒక కాయిల్‌ను మల్టీమీటరుతో కొలిచారు, అది 10 ఓములు చూపించింది. దాని ఇండక్టెన్స్ (కరెంటు మార్పును ఎదిరించే గుణం) 0.5 హెన్రీ అని పైన రాసి ఉంది. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు వస్తుంది కాబట్టి ఫ్యూజు ఎగిరిపోతుందని అనుకున్నారు. తీరా 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఏసీ సరఫరాకు కలిపి చూస్తే అమ్మీటరు ఒకటిన్నర ఆంపియర్ల దగ్గరే నిలిచిపోయింది. కరెంటును ఆపుతున్నది ఏమిటి, ఆపుతున్నప్పుడు ఆ కాయిల్ హీటరులా ఎందుకు కాగిపోవడం లేదు అన్నవి మీ రెండు సందేహాలు. రెండింటికీ మూలం ఒక్కటే గనుక కలిపే జవాబు చెబుతాను.

దీనికి మామూలుగా వచ్చే జవాబు అందరికీ తెలిసిందే: కాయిల్‌లో వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం పుడుతుంది, అది సరఫరా వోల్టేజీని ఎదిరిస్తుంది, అందుకే కరెంటు తగ్గుతుంది. ఇది తప్పు కాదు. కాని దీన్ని అంతటితో వదిలేస్తే ఆలోచించే ప్రతివాడికీ వెంటనే మరో సందేహం వస్తుంది: ఆ ఎదురు వోల్టేజీ సరఫరా వోల్టేజీకి దాదాపు సమానమైనప్పుడు, ఆ ఒకటిన్నర ఆంపియరైనా ఎలా పారుతోంది? ఈ చిక్కు తీరాలంటే కాయిల్‌ను కాలం వైపు నుంచి చూడాలని నా అభిప్రాయం. కరెంటు ఎంత ఉందన్నది కాయిల్‌కు పట్టదు. అది ఎంత వేగంగా మారుతోందన్నదే పడుతుంది. ఏసీలో కరెంటు పెద్దదిగా పెరగకపోవడానికి కారణం, పెరగడానికి కావలసినంత సమయం దానికి దొరకకముందే వోల్టేజీ దిశ మారిపోవడం.

తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. తీగను చుట్టగా చుడితే ఆ క్షేత్రం ప్రతి చుట్టు గుండానూ పోతుంది. కరెంటు మారితే క్షేత్రం మారుతుంది, క్షేత్రం మారితే అదే చుట్టల్లో వోల్టేజీ పుడుతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం వోల్టేజీని పుట్టిస్తుందని ఫారడే 1831లో చూపించాడు. ఒక చుట్ట తన కరెంటు మార్పుకు తానే లోనవుతుందని జోసెఫ్ హెన్రీ 1832లో ప్రచురించాడు. అలా పుట్టే వోల్టేజీ ఎప్పుడూ తనకు కారణమైన మార్పును ఎదిరించే దిశలోనే ఉంటుందని లెంజ్ 1834లో చెప్పాడు. మనకు లెక్కల్లో కావలసింది ఒకే వాక్యం: కాయిల్ చివరల మధ్య వోల్టేజీ, దాని ఇండక్టెన్స్‌ను కరెంటు మారే వేగంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. ఒక హెన్రీ కాయిల్‌లో కరెంటు సెకనుకు ఒక ఆంపియరు చొప్పున మారుతుంటే దాని చివరల మధ్య ఒక వోల్టు ఉంటుంది.

ఈ వాక్యాన్ని తిరగేసి చదవండి. కాయిల్ మీద వోల్టేజీ పెడితే కరెంటు విలువ నిర్ణయం కాదు, కరెంటు పెరిగే వేగం నిర్ణయమవుతుంది. మీ 0.5 హెన్రీ కాయిల్ మీద 230 వోల్టుల డీసీ పెట్టారనుకుందాం. మొదటి క్షణంలో కరెంటు సున్నా. అది పెరగడం మొదలుపెట్టే వేగం సెకనుకు 460 ఆంపియర్లు. వినడానికి భయంకరంగా ఉన్నా, ఒక మిల్లీసెకను గడిచేసరికి కరెంటు 0.46 ఆంపియర్లకు చేరుతుంది, అంతే. 5 మిల్లీసెకన్లకు 2.2 ఆంపియర్లు, 10 మిల్లీసెకన్లకు 4.2 ఆంపియర్లు, 50 మిల్లీసెకన్లకు 14.5 ఆంపియర్లు. కరెంటు పెరిగేకొద్దీ తీగ నిరోధమే ఎక్కువ వోల్టేజీని తీసుకుంటుంది కాబట్టి పెరుగుదల మెల్లగా మందగించి, పావు సెకను దాటేసరికి మీరు లెక్క కట్టిన 23 ఆంపియర్ల దగ్గర స్థిరపడుతుంది. (ఇనుప కోర్ అంతవరకు తట్టుకుంటుందని ఇక్కడ ఊహిస్తున్నాను, నిజానికి అది మధ్యలోనే చేతులెత్తేస్తుంది, ఆ సంగతి తర్వాత.) అంటే డీసీలో సైతం ఈ కాయిల్ మొదటి కొన్ని మిల్లీసెకన్లు కరెంటును ఒకటి రెండు ఆంపియర్లలోనే ఉంచుతుంది. మీరు ఓమ్ నియమంతో వేసిన లెక్క తప్పు కాదు, అది ఆ పావు సెకను గడిచాక వర్తించే లెక్క.

50 హెర్ట్జ్ ఏసీలో ఆ పావు సెకను ఎప్పటికీ రాదు. ఒక పూర్తి ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు, అందులో వోల్టేజీ ఒక దిశలో ఉండేది 10 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ అర ఆవృత్తిలో కాయిల్ మీద పడే వోల్టేజీని కాలంతో గుణించి కూడితే ఎంత వస్తుందో చూద్దాం. 230 వోల్టులు అనేది మీటరు చూపించే ప్రభావ విలువ (ఆర్‌ఎంఎస్), శిఖర విలువ దానికి 1.414 రెట్లు, అంటే 325 వోల్టులు, అర ఆవృత్తి సగటు 207 వోల్టులు. 207ను 0.01 సెకనుతో గుణిస్తే 2.07 వోల్ట్-సెకన్లు. దీన్ని 0.5 హెన్రీతో భాగిస్తే 4.14 ఆంపియర్లు. ఒక అర ఆవృత్తి మొత్తంలో సరఫరా ఈ కాయిల్‌లోని కరెంటును మార్చగలిగేది అంతే. వెంటనే వచ్చే అర ఆవృత్తి అంతే మార్పును వెనక్కి లాగుతుంది. కనుక స్థిరస్థితిలో కరెంటు మైనస్ 2.07 నుంచి ప్లస్ 2.07 ఆంపియర్ల వరకు, మళ్లీ వెనక్కి, ఇలా ఊగుతూ ఉంటుంది. 2.07 ఆంపియర్ల శిఖరం ఉన్న సైన్ తరంగానికి అమ్మీటరు చూపించేది 1.46 ఆంపియర్లు. మీ మీటరులో కనిపించిన ఒకటిన్నర ఇదే.

పుస్తకాల్లోని సూత్రంతో వేసినా ఇదే వస్తుంది. ఇండక్టివ్ రియాక్టెన్స్ (ఏసీకి కాయిల్ ఇచ్చే అడ్డు, ఓముల్లో) అంటే రెండును పైతో, ఫ్రీక్వెన్సీతో, ఇండక్టెన్స్‌తో గుణించడం; 50 హెర్ట్జ్ వద్ద 0.5 హెన్రీకి అది 157 ఓములు. తీగ నిరోధం 10 ఓములను దీనికి నేరుగా కలపకూడదు, రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి; అలా వచ్చే మొత్తం అడ్డు, అంటే ఇంపిడెన్స్, 157.4 ఓములు. 10 ఓములు ఉన్నా లేకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదని గమనించండి. 230ని 157.4తో భాగిస్తే 1.46 ఆంపియర్లు. ఫ్రీక్వెన్సీ 400 హెర్ట్జ్ అయితే ఒక్కో దిశలో దొరికే సమయం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, కరెంటు 0.18 ఆంపియర్లకు దిగుతుంది. 25 హెర్ట్జ్ అయితే సమయం రెట్టింపై కరెంటు 2.9 ఆంపియర్లకు ఎక్కుతుంది. ఫ్రీక్వెన్సీ సున్నా, అంటే డీసీ అయినప్పుడు రియాక్టెన్స్ పూర్తిగా మాయమై మీ 10 ఓములే మిగులుతాయి. సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు కూడా ఇందులో ఫ్రీక్వెన్సీ ఎందుకుందో చెప్పలేకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఫ్రీక్వెన్సీ అంటే ఇక్కడ సమయమే.

ఇప్పుడు ఎదురు వోల్టేజీ చిక్కుకు వద్దాం. నిరోధం బొత్తిగా లేని ఆదర్శ కాయిల్‌ను ఊహించండి. దానిలో ఉన్న కరెంటును అలాగే కొనసాగించడానికి ఏ వోల్టేజీ అవసరం లేదు. వోల్టేజీ కావలసింది కరెంటును మార్చడానికే. కాబట్టి సరఫరా వోల్టేజీకి, ఎదురు వోల్టేజీకి మధ్య ఏదో కొంత మిగలాలి, ఆ మిగిలినదే కరెంటును తోయాలి అన్న భావన ఇక్కడ వర్తించదు. సరఫరా ఏ క్షణాన ఎంత ఉంటే, ఎదురు వోల్టేజీ సరిగ్గా అంతే అయ్యే వేగంతో కరెంటు మారుతుంది. ఆ వేగం కన్నా తక్కువగా మారబోతే ఎదురు వోల్టేజీ తగ్గి కరెంటు పుంజుకుంటుంది, ఎక్కువగా మారబోతే ఎదురు వోల్టేజీ పెరిగి దాన్ని అణుస్తుంది. మీ నిజమైన కాయిల్‌లో మిగిలేది తీగ నిరోధం తీసుకునే వోల్టేజీ మాత్రమే, అదీ కరెంటు శిఖరాన ఉన్నప్పుడు 20.7 వోల్టులు. 325 వోల్టుల శిఖరం పక్కన అది చిన్న విషయం.

కరెంటు వోల్టేజీకి పావు ఆవృత్తి వెనకబడుతుందని చెప్పే సంగతి కూడా ఇందులోంచే వస్తుంది. వోల్టేజీ శిఖరాన ఉన్నప్పుడు కరెంటు అత్యంత వేగంగా మారుతూ ఉంటుంది, అంటే సున్నాను దాటుతూ ఉంటుంది. వోల్టేజీ తగ్గుతున్నా ఇంకా ప్లస్‌లోనే ఉన్నంతసేపూ కరెంటు పెరుగుతూనే ఉంటుంది. వోల్టేజీ సున్నా అయిన క్షణంలోనే కరెంటు శిఖరాన్ని అందుకుంటుంది. బరువైన బండిని ఒక వైపు తోసి, అది వేగం అందుకోగానే ఎదురు తోస్తూ పోతే అది కొద్ది దూరంలోనే ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఇక్కడ తోపు వోల్టేజీ, వేగం కరెంటు; తోపు ఆగిన చోటే దాని వేగం అన్నిటికన్నా ఎక్కువ. అయితే ఈ పోలికను ఇంతకన్నా సాగదీయవద్దు, కోర్ సంగతి వచ్చేసరికి అది పనికిరాదు. మీ కాయిల్‌లో ఈ వెనకబాటు సరిగ్గా పావు ఆవృత్తి, అంటే 90 డిగ్రీలు, కాదు, 86 డిగ్రీల పైచిలుకు. ఆ మూడున్నర డిగ్రీల లోటుకు కారణం తీగ నిరోధమే.

వేడి విషయం. 23 ఆంపియర్ల డీసీ పారి ఉంటే ఆ కాయిల్‌లో 5,290 వాట్ల వేడి పుట్టి నిమిషాల్లో ఇన్సులేషన్ కాలిపోయేది. ఏసీలో 1.46 ఆంపియర్ల వర్గాన్ని 10 ఓములతో గుణిస్తే 21 వాట్లు. ఇనుములో జరిగే నష్టం కలిపితే మరి కొన్ని వాట్లు. కాయిల్‌కు బదులు 157.4 ఓముల నిరోధాన్ని పెట్టి ఇంతే కరెంటు పారనిస్తే 336 వాట్లు వేడిగా పోతాయి. ఈ తేడా ఎక్కడికి పోయిందంటే, ఎక్కడికీ పోలేదు. వోల్టేజీ, కరెంటు ఒకే దిశలో ఉన్న 5 మిల్లీసెకన్లలో కాయిల్ సరఫరా నుంచి శక్తిని తీసుకుని అయస్కాంత క్షేత్రంలో దాస్తుంది; మీ కాయిల్‌లో కరెంటు శిఖరాన ఉన్నప్పుడు దాచిన శక్తి 1.07 జౌళ్లు. ఆ తర్వాతి 5 మిల్లీసెకన్లలో క్షేత్రం కుంచించుకుపోతూ దాదాపు ఆ మొత్తాన్ని సరఫరాకు తిరిగి ఇచ్చేస్తుంది. సెకనుకు వందసార్లు ఈ ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. కనుకనే వాట్‌మీటరు చిన్న అంకె చూపిస్తుంది, అమ్మీటరు మాత్రం 1.46 ఆంపియర్లను నిజాయితీగా చూపిస్తుంది. ఆ కరెంటు సరఫరా తీగల్లో నిజంగానే పారుతోంది, అక్కడ నష్టమూ చేస్తుంది. కాయిల్‌కు సమాంతరంగా దాదాపు 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆ రెండింటి మధ్యే జరిగిపోయి, సరఫరా నుంచి వచ్చే కరెంటు ఆంపియరులో పదో వంతు దాకా పడిపోతుంది. అప్పుడు కూడా కాయిల్ లోపల పారేది 1.46 ఆంపియర్లే. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్ (సరఫరా కరెంటును ఇలా తగ్గించేది) వేస్తే యంత్రం లోపలి కరెంటే తగ్గుతుందని అనుకునేవాళ్లు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

ఇండక్టెన్స్ ఎంత ఉండాలన్నది చుట్ల సంఖ్య, కోర్ అడ్డుకోత వైశాల్యం, అయస్కాంత మార్గం పొడవు, ఆ మార్గంలో ఉన్న పదార్థం నిర్ణయిస్తాయి. చుట్ల సంఖ్య వర్గంగా వస్తుంది: చుట్లు రెట్టింపు చేస్తే అదే కరెంటుకు క్షేత్రం రెట్టింపవుతుంది, ఆ రెట్టింపు క్షేత్రం రెట్టింపు చుట్ల గుండా పోతుంది, కనుక ఫలితం నాలుగు రెట్లు. ఇనుము పెడితే తక్కువ చుట్లతో పెద్ద ఇండక్టెన్స్ వస్తుంది. అయితే కరెంటును పరిమితం చేయడానికి చేసిన చోక్‌ల కోర్‌ను విప్పి చూస్తే ఇనుప రేకుల మధ్య కావాలనే వదిలిన సన్నని సందు, అందులో కాగితమో ఫైబర్ ముక్కో కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని పనితనం లోపమనుకుని రేకులను బిగించేస్తారు. ఆ సందు తీసేస్తే ఇండక్టెన్స్ పెరిగి కరెంటు తగ్గిపోతుంది, పైగా ఇనుము స్వభావంలోని ఎగుడుదిగుళ్లన్నీ నేరుగా కరెంటులోకి వస్తాయి. సందు ఉన్నప్పుడు ఇండక్టెన్స్‌ను ముఖ్యంగా ఆ సందు వెడల్పే నిర్ణయిస్తుంది. గాలికి సంతృప్తత లేదు, అది వేడికీ కరెంటుకూ మారదు, అందుకే చోక్ విలువ నిలకడగా ఉంటుంది.

సంతృప్తత అన్నాను కదా. ట్రాన్స్‌ఫార్మర్లకు వాడే సిలికాన్ స్టీలు ఒకటిన్నర నుంచి రెండు టెస్లాల మధ్య ఎక్కడో ఇక అయస్కాంతీకరణ పెద్దగా పెరగలేని స్థితికి చేరుతుంది. ఫెరైట్లు (ఇనుప ఆక్సైడుతో చేసే పింగాణీ లాంటి అయస్కాంత పదార్థాలు) అర టెస్లా లోపే ఆగిపోతాయి. అక్కడికి చేరాక కరెంటు పెరిగినా క్షేత్రం పెరగదు, క్షేత్రం పెరగకపోతే ఎదురు వోల్టేజీ పుట్టదు, ఇండక్టెన్స్ గాలి చుట్ట స్థాయికి పడిపోతుంది, మిగిలిన వోల్టేజీ అంతా తీగ నిరోధం మీద పడుతుంది. కోర్ ఆ స్థితికి చేరుతుందా లేదా అన్నది వోల్టేజీ ఒక్కదాని మీద ఆధారపడదు, మనం పైన లెక్కించిన వోల్ట్-సెకన్ల మీద ఆధారపడుతుంది. 60 హెర్ట్జ్ కోసం అంచుల దాకా లెక్కగట్టి చేసిన కాయిల్‌ను అదే వోల్టేజీతో 50 హెర్ట్జ్‌కు కలిపితే ప్రతి అర ఆవృత్తిలో 20 శాతం ఎక్కువ వోల్ట్-సెకన్లు పడతాయి. కరెంటు కూడా 20 శాతమే పెరగాలి గాని, కోర్ సంతృప్తమైతే అంతకు మించి పెరిగి కాయిల్ కాగిపోతుంది. 50 హెర్ట్జ్ కాయిల్‌ను 60 మీద వాడటంలో ఈ ప్రమాదం లేదు.

స్విచ్ వేసిన క్షణంలో కొన్నిసార్లు వచ్చే పెద్ద కుదుపుకు కూడా వివరణ ఇదే. స్థిరస్థితిలో ప్లస్ అర ఆవృత్తి మొదలయ్యేటప్పటికి కరెంటు మైనస్ 2.07 దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి 4.14 ఆంపియర్లు ఎక్కి ప్లస్ 2.07కు చేరుతుంది. కాని వోల్టేజీ సరిగ్గా సున్నా దాటుతున్నప్పుడు స్విచ్ వేస్తే కరెంటు సున్నా నుంచి బయలుదేరుతుంది, ఎక్కవలసిన 4.14 మాత్రం మారదు, కనుక మొదటి శిఖరం దాదాపు నాలుగు ఆంపియర్లు. కరెంటు తరంగం ఇలా ఒక పక్కకు జరిగిపోవడం, ఇండక్టెన్స్‌ను నిరోధంతో భాగిస్తే వచ్చే 50 మిల్లీసెకన్ల కాలమానంతో కొన్ని ఆవృత్తుల్లో తగ్గిపోతుంది. గాలి చుట్టలో కథ అంతటితో సరి. సందు లేని ఇనుప కోర్‌లో ఈ రెట్టింపు క్షేత్రం సంతృప్తతను దాటేస్తుంది కాబట్టి మొదటి శిఖరం మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు ఉంటుంది. లోడు లేని ట్రాన్స్‌ఫార్మరు ఒక్కోసారి ఆన్ చేయగానే బ్రేకరును ట్రిప్ చేయడం, మరోసారి ఏమీ ఎరగనట్లు మౌనంగా ఆన్ కావడం అందుకే. తేడా అంతా స్విచ్ పడిన క్షణానిదే. వోల్టేజీ శిఖరాన ఉన్నప్పుడు స్విచ్ పడితే ఈ కుదుపు రాదు, ఎందుకంటే ఆ క్షణంలో స్థిరస్థితి కరెంటు కూడా సున్నాయే. కోర్‌లో మిగిలిపోయిన పాత అయస్కాంతత్వం కొద్దిగా అటూ ఇటూ చేస్తుంది, ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం.

మరమ్మతు పని చేసేవారికి రోజూ ఎదురయ్యే ఉదాహరణ ఏసీ కాంటాక్టరు, అంటే కాయిల్ అయస్కాంతంగా మారి ఇనుప ముక్కను లాగి మూసే స్విచ్. కాయిల్‌కు సరఫరా ఇచ్చిన క్షణంలో కదిలే ఇనుప ముక్క ఇంకా దూరంగా ఉంటుంది, మధ్యలో పెద్ద గాలి సందు, ఇండక్టెన్స్ తక్కువ, కరెంటు ఎక్కువ. ముక్క వచ్చి అతుక్కోగానే సందు మూసుకుపోయి ఇండక్టెన్స్ పెరుగుతుంది, కరెంటు చాలా రెట్లు తగ్గుతుంది. కాయిల్ తీగను ఆ తగ్గిన కరెంటుకు తగినట్లే ఎంచి చుడతారు. కనుక ముక్క మధ్యలో దుమ్ముకో తుప్పుకో చిక్కుకుపోయి పూర్తిగా అతుక్కోకపోతే, సరఫరా వోల్టేజీ సరిగ్గానే ఉన్నా కాయిల్ కాలిపోతుంది. కాలిన కాయిల్‌ను మార్చి, చిక్కుకున్న ముక్కను శుభ్రం చేయకుండా బిగిస్తే కొత్తదానికీ అదే గతి. ఇదే కాయిల్‌ను అంతే వోల్టేజీ డీసీకి కలిపితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మరో లోపాన్ని మల్టీమీటరు పట్టుకోలేదు, అదే చుట్ల మధ్య షార్ట్. వెయ్యి చుట్లలో ఒక్క చుట్టు ఇన్సులేషన్ పోయి తనతో తాను కలిసిపోతే మొత్తం నిరోధం 10 ఓముల్లో నూరో వంతు ఓము మారుతుంది, చేతిలో పట్టుకునే మీటరుకు అది కనపడదు. కాని ఆ ఒక్క చుట్టు, సెకండరీని షార్ట్ చేసిన ట్రాన్స్‌ఫార్మరులా ప్రవర్తిస్తుంది. దానిలో పెద్ద కరెంటు పారి కోర్‌లోని క్షేత్ర మార్పుకే అడ్డు తగులుతుంది, ఇండక్టెన్స్ పడిపోతుంది, కాయిల్ తీసుకునే ఏసీ కరెంటు పెరుగుతుంది, ఆ చుట్టు దగ్గర మొదలైన వేడి పక్క చుట్లకు పాకుతుంది. కాబట్టి ఓములు బాగున్నాయి గనుక కాయిల్ బాగుందని తేల్చేయకూడదు. కాయిల్‌ను పరీక్షించవలసింది ఏసీతో.

ట్యూబ్‌లైటు చోక్ గురించి అడగలేదు గాని, కరెంటును పరిమితం చేయడానికి కాయిల్‌నే ఎందుకు ఎంచుకుంటారో దానిలో తేటగా కనిపిస్తుంది. వెలుగుతున్న ట్యూబులోని వాయువులో కరెంటు పెరిగేకొద్దీ దాని చివరల మధ్య వోల్టేజీ తగ్గుతుంది. దాన్ని నేరుగా సరఫరాకు కలిపితే కరెంటు తనంతట తాను పెరిగి ట్యూబును పేల్చేస్తుంది. 36 వాట్ల ట్యూబుకు 0.43 ఆంపియర్ల దగ్గర కరెంటును నిలపాలి, ట్యూబు తీసుకునేది నూరు వోల్టుల చిల్లర. మిగతా వోల్టేజీని నిరోధంతో అడ్డుకుంటే ట్యూబు ఖర్చు చేసేదానికన్నా ఎక్కువే వేడిగా పోతుంది. చోక్‌తో అడ్డుకుంటే పోయేది పది వాట్ల లోపు. పైగా స్టార్టరు తెరుచుకున్నప్పుడు చోక్‌లో దాచిన శక్తే వందల వోల్టుల తాకిడిగా మారి ట్యూబును వెలిగిస్తుంది. 50 హెర్ట్జ్ వద్ద దాదాపు 400 ఓములు కావాలంటే 1.27 హెన్రీల ఇనుప దిమ్మ కావాలి. అదే 40 కిలోహెర్ట్జ్ వద్ద 1.6 మిల్లీహెన్రీలు చాలు, వేలెడంత ఫెరైట్ ముక్క సరిపోతుంది. ఎలక్ట్రానిక్ చోక్ అంత తేలికగా ఉండటానికి ఇదే కారణం. ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే అన్నీ లాభాలే అనుకోకండి: ఒక హద్దు దాటాక చుట్ల మధ్య ఉండే చిన్న కెపాసిటెన్స్ పైచేయి సాధించి, కాయిల్ కాస్తా కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది.

పారుతున్న కరెంటును కాయిల్ అంత తేలికగా ఆగనివ్వదు కూడా. 2 ఆంపియర్లు పారుతున్నప్పుడు స్విచ్ తీసి ఒక మిల్లీసెకనులో సున్నా చేయబోతే మీ కాయిల్ చివరల మధ్య 1,000 వోల్టులు పుడతాయి. స్విచ్ పలకల మధ్య మెరిసే మెరుపు అదే. ఏసీ కాయిల్‌కు సమాంతరంగా నిరోధం, కెపాసిటర్ వరుసగా కలిపిన స్నబ్బర్ గానీ, వోల్టేజీ హద్దు దాటితే నిరోధం పడిపోయే వారిస్టర్ గానీ పెట్టండి. డయోడ్ డీసీ కాయిల్‌కు పనికొస్తుంది, ఏసీకి పెడితే అదే షార్ట్ అవుతుంది.

సబ్‌స్టేషన్లలో షార్ట్ సర్క్యూట్ కరెంటును అదుపు చేయడానికి లైన్లో వరుసగా కలిపే రియాక్టర్లను చూస్తే, మనిషిని మించిన ఎత్తున్న పెద్ద చుట్టలుగా, లోపల ఖాళీగా కనిపిస్తాయి. ఇనుము పెడితే పరిమాణం తగ్గుతుంది కదా అనిపించవచ్చు. కాని వాటికి పని పడేది మామూలు కరెంటుకు ఎన్నో రెట్లు పారే క్షణంలో. సరిగ్గా అప్పుడే ఇనుము సంతృప్తమై ఇండక్టెన్స్ మాయమైతే వాటిని పెట్టి ప్రయోజనం ఉండదు. గాలి కోర్‌కు ఆ బెడద లేదు.

మీ కాయిల్‌ను మీరే కొలిచి చూసుకోవాలనుకుంటే నేరుగా మెయిన్స్‌కు కలపవద్దు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (మెయిన్స్ నుంచి సర్క్యూట్‌ను విడదీసేది), దాని తర్వాత వేరియాక్ (వోల్టేజీని కావలసినంతగా మార్చుకునే ట్రాన్స్‌ఫార్మరు), వరుసలో 3 ఆంపియర్ల ఫ్యూజు, అమ్మీటరు పెట్టండి. కాయిల్ చివరల మధ్య వోల్ట్‌మీటరు కలపండి. వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ప్రతి మెట్టులో వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఇంపిడెన్స్ వస్తుంది. దాని వర్గంలోంచి తీగ నిరోధ వర్గాన్ని తీసివేసి వర్గమూలం కట్టి, 314తో భాగిస్తే 50 హెర్ట్జ్ వద్ద ఇండక్టెన్స్ హెన్రీల్లో వస్తుంది. ఎల్‌సీఆర్ మీటరు (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, నిరోధం కొలిచే మీటరు) చూపించే అంకె దీనితో సరిపోకపోతే కంగారు పడనక్కరలేదు. ఆ మీటరు సాధారణంగా ఒక కిలోహెర్ట్జ్ వద్ద, ఒక వోల్టు మించని సంకేతంతో కొలుస్తుంది, ఇనుప కోర్ అక్కడ ప్రవర్తించే తీరు వేరు, 230 వోల్టుల దగ్గర ప్రవర్తించే తీరు వేరు. వోల్టేజీ పెంచుతూ పోయినప్పుడు కొంతవరకు కరెంటు దానికి తగిన పాళ్లలో పెరుగుతుంది, ఒకచోట నుంచి మాత్రం వోల్టేజీ పది శాతం పెంచితే కరెంటు ముప్పై, నలభై శాతం ఎగబాకడం మొదలవుతుంది. కోర్ సంతృప్తం కావడం మొదలైన చోటు అదే. ఆ కాయిల్‌ను ఎప్పుడూ వాడే వోల్టేజీ దానికి తగినంత దిగువన ఉండాలి.